ఇది చెక్కు కాదు

లూసియానా, హూమా పట్టణం.
పారుతోందో ఆగిందో తెలియని బయూ ఒడ్డున
మధ్యాహ్నం రెండున్నర.
తిన్నవాళ్ళు లేచిపోయి
బల్లల మీద క్రాఫిష్ డొప్పలు ఎర్రగా మిగిలిన వేళ
ఫారాల కట్టతో వెళ్ళాను.

రాష్ట్ర కార్మిక శాఖలో గుమాస్తాని.
హోటళ్ళలో, బార్లలో, కాఫీ కొట్లలో
ఎవరి చేతికి ఎంత అందుతోందో అడిగి
గళ్ళలో నింపి బాటన్ రూజ్‌కి పంపడం నా పని.
అక్కడ కూడతారు, భాగిస్తారు,
దశాంశ బిందువు దగ్గర కాసేపు ఆగి టీ తాగుతారు.

వెర్నెల్ గిడ్రీ ఎదురుగా కూర్చుంది
కుర్చీ అంచు మీద,
ఎవరో పిలుస్తారన్నట్టు.
గంటకెంత?
"రెండు డాలర్ల పదమూడు సెంట్లు."
ఎప్పటినించి?
"మా అమ్మ ఇక్కడే వడ్డించే రోజులనించి.
ఆవిడ మోకాళ్ళు అరిగాయి గానీ
ఆ అంకె అరగలేదు, పెరగలేదు."

అప్రాన్ జేబులోంచి మడతలు విప్పి
పోయిన వారం జీతం కాగితం చూపించింది.
ముప్ఫై ఎనిమిది గంటలు.
పన్ను. పన్ను. ఇంకో పన్ను.
టిప్పుల మీది పన్నుకి కూడా ఇందులోంచే కోత.
అడుగున సున్నా, చుక్క, సున్నా, సున్నా.
అడ్డంగా అచ్చేసి ఉంది:
ఇది చెక్కు కాదు.

"మా పిల్లాడు వెనక్కి తిప్పి
చేపల బొమ్మలు వేస్తాడు.
మంచి కాగితం,
రంగు అవతలికి దిగదు."

మరి ఇల్లెలా నడుస్తోంది అన్నాను.
వానొస్తే మూడు టేబుళ్ళంది.
రొయ్యల పడవలు ఒడ్డుకొచ్చిన రాత్రి
ఉప్పునీటి వాసనతో ఇరవై డాలర్ల నోటంది.
ఆదివారం చర్చి నించి పన్నెండుమంది వచ్చి
మూడుసార్లు ఐస్ టీ పోయించుకుని
టిప్పు బదులు ప్రార్థన చీటీ పెట్టి వెళ్ళారంది.
"ఇంకొకాయన ఉన్నాడు.
నోటు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని
నేను నవ్వితేనే వదుల్తాడు.
అది ఏ గడిలో రాస్తావు?"

వెతికాను.
నా ఫారంలో దానికి గడి లేదు.

గిన్నెలు కడిగే ఓస్మీన్
సబ్బునీళ్ళకి ఉబ్బిన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు,
ఎంతో చెప్పాడు,
పేరు దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు.
యజమాని క్లోవిస్ ఆర్సెనో
తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించి తన జీతం చెప్పాడు.
అదీ ఇదే పరిశ్రమ, ఇదే కుప్ప.
అందరినీ కలిపి తూకం వేస్తే
ఎవరూ కాని ఒక మనిషి లేస్తాడు,
సగటు.
ఇరవై రెండేళ్ళుగా లెక్క రాస్తున్నాను,
ఒక్క టేబుల్ దగ్గరా నాకు వడ్డించలేదతను.

వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తిన కూర్చున్నా ఒకటేనట.
వడ్డించే మనిషిని ఏ పంక్తిన కూర్చోబెట్టాలో
సామెత చెప్పలేదు.

ఆకలేసింది. గంబో తిన్నాను.
బిల్లు పదకొండు డాలర్లు.
లెక్క చెప్పినవాళ్ళకి ఏమీ ఇవ్వరాదని మా శాఖ నియమం.
ఉప్పు సీసా కింద ఐదు డాలర్లు పెట్టి
దొంగలా బయటికి నడిచాను.

కారు దాకా వచ్చింది నోటు పట్టుకుని.
"కస్టమర్‌వా, ఫారం మనిషివా?
కస్టమర్‌వైతే థాంక్స్.
ఫారం మనిషివైతే రాసుకో.
ఐదు డాలర్లు, మంగళవారం, మూడుంపావు."

బానెట్ మీద కాగితం పెట్టి రాశాను,
గడి లేక
మార్జిన్‌లో.

మూడు వారాలకి ఫారం తిరిగొచ్చింది.
ఐదు చుట్టూ ఎర్ర సున్నా,
పక్కన ఎవరిదో పొడి చేతిరాత:
మార్జిన్‌లో రాయరాదు.

తిప్పి చూశాను.
వెనక అంతా ఖాళీ.
మంచి కాగితమే.