మేకు

అంబాతో ఖజానా ఆఫీసులో అధ్యక్షుల ఫొటోలు మార్చేది నేనే,
రొసాలినో తోఅపాంతా, ఫ్రేముల కొట్టు, మార్కెట్ వెనక సందు.
ఫ్రేముకి రెండు డాలర్ల నలభై సెంట్లు.
ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ టైముకి ఇవ్వలేదు.

మీసాలాయన వచ్చినప్పుడు
బడిపిల్లలకి పాలొచ్చాయి, ఏటి మీద వంతెనొచ్చింది,
గ్యాసు బండ ధర కదలకుండా కూర్చుంది.
"అప్పు చేసి పప్పుకూడు,
రేపు గిన్నె కడిగేదెవరు?" అనేవాడు మా బావ సెగుందో.
అక్క ఎర్మెలిందా గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి
ఆకలికి ఇన్నాళ్ళూ వడ్డీ కట్టిందెవరో
ముందు అది చెప్పమనేది.

చట్టసభ అడ్డుపడింది.
ఆయన దాన్ని అడగడం మానేశాడు.
డిక్రీ మీద డిక్రీ, ఆదివారాలు కూడా.
"రాజుననుకుంటున్నాడా?" అన్నాడు బావ.
"పాలు పొంగుతుంటే పొయ్యి దగ్గర మీటింగు పెడతావా?" అంది అక్క.

తర్వాత, గడ్డం నున్నగా గీసుకున్నాయన.
పాలు ఆగాయి.
రెండో వంతెన నడి ఏట్లో రెండు స్తంభాలై నిలబడిపోయింది,
పావురాలకి పనికొస్తోంది.
బడ్జెట్ లెక్క సరిపోయిందని రేడియోలో చెప్పారు,
సరిపోయిన ఆ లెక్క మా సందు దాకా రాలేదు.
చట్టసభ మళ్ళీ అడ్డుపడింది.
మళ్ళీ డిక్రీలు, మళ్ళీ ఆదివారాలు,
అదే సిరా, అదే సీలు
(కొత్త సీలంటే దుబారా కదా).
ఈసారి రాజు మాట అక్క నోట్లోంచి వచ్చింది,
పొయ్యి మాట బావ నోట్లోంచి.
ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు.
నేను బంగాళాదుంపల సూపు చల్లారిపోతుందని
తల వంచుకుని తాగుతూ కూర్చున్నాను.

ఆయనా దిగిపోయాడు.
కొత్త ఫొటో కీతో నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది.
ఆ పదకొండు రోజులూ గోడ మీద
ఎండ తగలని రంగు, ఒక చదరం, అంతే.
పిల్యారో నుంచి ఒక ముసలామె
పింఛను కాగితం పట్టుకుని వచ్చింది, తడిసిన ఫెల్టు టోపీతో.
క్యూలో ముందుకొచ్చి
ఆ ఖాళీ చదరం వంక చూసింది.
టోపీ తీసింది.

కొత్తాయన వచ్చాడు, పళ్ళన్నీ కనిపించే నవ్వుతో.
ఖర్చు పెట్టే చెయ్యో, కోసే చెయ్యో,
ఫొటోలో చేతులు లేవు.
నిచ్చెనెక్కి చూస్తే మేకు వదులైంది,
వేలితో లాగితే ఊడొచ్చేట్టుంది.
లాగుదామా అనిపించింది, ఒట్టు.
కింద నిచ్చెన పట్టుకున్న గుమస్తా
భోజనం వేళయింది, కానియ్యవయ్యా అన్నాడు.
సుత్తి తీశాను. మూడు దెబ్బలు.
సున్నం రాలి కంట్లో పడింది.

బిల్లు రాశాను: ఫ్రేము ఒకటి, అద్దం పాతదే.
మేకుకి ఏమీ వేయలేదు,
అది మా నాన్న కొట్టింది.