మూడు కణుపులు

ఫోను చాక్‌పీసుల డబ్బా వెనక పెట్టి
నా పాఠాన్ని నేనే దొంగచాటుగా రికార్డు చేసుకున్నాను.
సాయంత్రం ఎంఎంటీఎస్‌లో, బోరబండ నుంచి నాంపల్లి దాకా
చెవుల్లో నేనే.

ఎంత తొందర నాకు!
వెనక ఎవరో తరుముతున్నట్టు
"ఒకటి బై రెండు పెద్దదా, ఒకటి బై మూడు పెద్దదా?" అని అడిగి
ఆ 'దా' ఇంకా గాలిలో ఉండగానే
"మొదటిదే పెద్దది. రాసుకోండి" అంటున్నాను.

భరత్‌నగర్ దాటాక పాత టికెట్టు వెనక గీతలు పెట్టడం మొదలుపెట్టాను.
ఖైరతాబాద్ వచ్చేసరికి యాభై రెండు.
యాభై రెండు ప్రశ్నలు.
నలభై ఒకటికి జవాబు నేనే చెప్పుకున్నాను.
తొమ్మిది మొదటి బెంచీ.
మిగిలిన రెంటినీ గంట మింగేసింది.

పంతొమ్మిదేళ్ల సర్వీసులో
"ఈ పిల్లలకి నోరు లేదు" అని స్టాఫ్‌రూంలో ఎన్నిసార్లు అన్నానో
దానికి గీతలు లేవు.

మర్నాడు అరవై పేజీల నోటుబుక్కు కొన్నాను.
అట్ట మీద: ఏడో తరగతి, బి సెక్షన్, ముప్పై ఎనిమిది మంది.
ఆ కింద ముప్పై తొమ్మిదో పేరుగా నాది.

నియమం ఒక్కటే.
అడిగాక చెయ్యి వెనక్కి పెట్టుకుని
బొటనవేలితో చూపుడువేలి కణుపులు లెక్కపెట్టాలి.
ఒకటి.
రెండు.
మూడు.
అందాకా నోరు తెరవకూడదు.

మూడు కణుపులు ఎంత పొడుగో
మీరెప్పుడైనా తరగతి ముందు నిలబడి చూశారా?
ఆ మధ్యలో ఫ్యాను కిర్రుమంటుంది,
పక్క గల్లీలో నీళ్ల ట్యాంకరు రివర్సు తీసుకుంటుంది,
ఎవరింట్లోనో కుక్కరు రెండో కూత వేస్తుంది.
పిల్లలు బెదిరిపోయారు, నాకు కోపమొచ్చిందని.
శివలీల లేచి మెల్లగా అడిగింది:
"టీచర్, ఇయ్యాల బీపీ గోలీ ఏస్కున్నరా?"
అదీ రాసుకున్నాను. ప్రశ్నే కదా.

ఆరో రోజు, కాదు, ఏడో రోజు
(మధ్యలో బోనాల సెలవు వచ్చింది)
మూడో కణుపు మీద వేలుండగా
చివరి బెంచీ నుంచి తహూరా.
జూన్ నుంచి హాజరు తప్ప ఇంకో మాట పలకని గొంతు.
"టీచర్, వన్ బై టూ చాయ్ల జర ఎక్కువొస్తది.
వన్ బై త్రీ చేస్తే ముగ్గురికీ తక్వ.
మా అబ్బా హోటల్ల రోజూ గదే లొల్లి."
తరగతంతా నవ్వింది.
మూడు వారాలుగా బోర్డు మీద నేను కోస్తున్న రొట్టెలు
ఒక్కసారిగా ఎండిపోయాయి.

తర్వాత వచ్చినవన్నీ ముత్యాలేం కావు.
"మూడు కన్నా ఎనిమిది పెద్దది,
గందుకే ఒకటి బై ఎనిమిదే పెద్దది" అన్నాడు సాయివర్ధన్, ఛాతీ విరుచుకుని.
వారానికి నాలుగుండే తప్పు జవాబులు ఇరవై ఆరయ్యాయి.
హెడ్మాస్టరు విఠల్‌రావు సారు నా గ్రాఫు అటూ ఇటూ తిప్పి చూశారు.
"ఇదేందమ్మా, పైకి పోతున్నయి తప్పులా?"
తప్పులే సార్.
ఇన్నాళ్లూ వాళ్ల జేబుల్లో మడతపెట్టిన చీటీల్లా ఉన్నాయి.
నేనెప్పుడూ అడిగి తీసుకోలేదు.

జగబంధు మాత్రం మాట్లాడలేదు.
ఒడిశా నుంచి వచ్చి నాలుగు నెలలు, తండ్రిది సెంట్రింగ్ పని.
వాడి కోసం మధ్యవేలికి వెళ్లాను, ఉంగరపు వేలికి, చిటికెన వేలికి.
పన్నెండు కణుపులు.
వాడు నావైపే చూశాడు. పెదవులు కదిపాడు. కూర్చున్నాడు.
ఆ పేజీలో 'తెలియదు' అని రాశాను.
ఏ భాషలో ఎదురుచూడాలో కూడా తెలియదు.

కాంప్లెక్స్ మీటింగ్‌లో నాకు అయిదు నిమిషాలు.
"ఒక్క తరగతేనా?"
"ఒక్కటే సార్."
"ఎన్ని రోజులు?"
"ఇరవై మూడు."
"మరి దీంతో ఏం తేలిందమ్మా?"
ఊపిరి తీసుకున్నాను.
"సరే, నెక్స్ట్" అన్నారాయన, కాగితం తిప్పుతూ.

చీర కొంగు చాటున నా బొటనవేలు
ఇంకా మొదటి కణుపు కూడా దాటలేదు.