లెక్కకు రాని పువ్వు

ఆదివారం మూడు దాటాక
మా డాబా మెట్ల మీద చెప్పుల చప్పుడు విని
ఎవరొస్తున్నారో చెప్పేస్తాను.
ఈడ్చుకుంటూ వస్తే సువార్త, రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండా.
రెండేసి మెట్లు దూకితే టైలర్ బేగ్ గారి ముంతాజు.
అసలు చప్పుడే లేదంటే పేర్రాజు గారు
కింద గుమ్మంలోనే ఆగిపోయారన్నమాట,
గాలం కర్ర తలుపుకి అడ్డంపడి.

ముప్పై ఏళ్లు లాకు తలుపులు తిప్పిన మనిషి,
రిటైరయినా కాలవ వదల్లేదు.
పొద్దుటినుంచీ కూర్చుని రెండు జెల్లలు పడతారు,
చూసి, మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు.
మరెందుకండీ ఈ తద్దినం, అంటే
"బెండు మునిగే ఆ చిటికెడు సేపు నాదమ్మా.
మిగతాదంతా చేపదే."

నేను మినప్పిండి రుబ్బి ఉంచుతాను.
కుంపట్లో కొబ్బరి చిప్పలు రగిలించి
మూకుడు నిండా పిండి పోసి
మూత మీద కూడా నాలుగు నిప్పులు.
గ్యాసు మీద రాదా దిబ్బరొట్టె? వస్తుంది.
కానీ అప్పుడు చుట్టూ కూర్చుని
దాన్ని కాపలా కాయం కదా.

ముప్పావు గంట.
వీళ్లంతా వచ్చేది ఆ ముప్పావు గంటకే,
రొట్టె ఒక వంక.

ముంతాజు వాళ్ల తాత రేడియో విప్పి
స్క్రూలన్నీ నా ఉప్పు గిన్నెలో వేస్తుంది.
ఆర్నెల్లుగా బాగుచేస్తోంది.
ఇప్పటిదాకా పలికింది ఒక్కటే:
సముద్రం హోరులాంటి గరగర, దాని మధ్యన
బంగాళాఖాతంలో అల్పపీడనం.
ఆ మాట వినపడితే చాలు, చప్పట్లు కొడతాం.
తుపాను కబురుకి చప్పట్లు కొట్టేవాళ్లు
పాలకొల్లు మొత్తమ్మీద మేమే అయ్యుంటాం.

అలాంటి ఓ ఆదివారమే, చేతులు ఊరికే ఉండలేక,
పెట్టె అడుగునించి అమ్మ లేసు కొక్కెం తీశాను.
పన్నెండేళ్లు ముట్టుకోలేదు దాన్ని.

నరసాపురంలో మా అమ్మ
గుడ్డి దీపం దగ్గర అల్లేది. పువ్వుకింత.
దారం తూచి ఇచ్చేవాడు కమీషను మనిషి,
లేసు తూచి పట్టుకుపోయేవాడు.
ముడి తప్పితే కోత. మరక పడితే కోత.
మా ఇంట్లో బల్ల లేదు, ఏనాడూ.
అమ్మ అల్లిన బల్లగుడ్డలు మాత్రం
తను చూడని దేశాల్లో, చూడని బల్లల మీద
ఎవరి కాఫీ కప్పుల కిందో ఉండేవి.
కూర వాసన అంటుతుందని
పొయ్యి దగ్గరికి దారపు ఉండ రానిచ్చేది కాదు.

ఇప్పుడు నా ఒళ్లో ఉండ,
పక్కన కుంపటి,
దారం మీద మసి.

"ఏమల్లుతున్నావే భూలోకం?" అంది సువార్త, కళ్లు మూసుకునే.
తెలీదన్నాను.
"ఎంతొస్తుందేంటి దానికి?"
ఏమీ రాదన్నాను.
ఏమీ రాదు. ఆ మాట మరోసారి అనుకున్నాను,
నాలిక మీద చెరకు పానకంలా నిలబడింది.

ఎనిమిది రేకలుండాల్సిన పువ్వుకి
ఏడే వచ్చాయి.
అమ్మయితే మొదలంటా ఊడదీసేది.
నా వేళ్లూ ఆ కొస కోసం వెతికాయి, అలవాటు కొద్దీ.
ఇంతలో రేడియో గరగరలాడింది,
ముంతాజు "ష్" అంది,
ఎవరూ మూత సంగతి చూసుకోలేదు.

అడుగు మాడింది.
అట్లకాడతో గీకి ఆ నల్ల పొరే ముందు తిన్నారు,
దానికోసమే తగువు కూడా పడ్డారు.
ఏడు రేకలదాన్ని రేడియో మీద పరిచాను,
చిన్నదైపోయింది, ఓ మూల కప్పలేదు.
ఉండనీ.

వేటకి వెళ్లేవారు జాగ్రత్తగా ఉండాలంటోంది రేడియో.
కిందనించి పేర్రాజు గారి కేక:
"అమ్మాయ్, ఎవరైనా వచ్చి ఈ కర్ర తీయండర్రా,
వాసన ఇక్కడిదాకా వచ్చేసింది!"