కారణం అనే గడి

టార్గెన్ కౌంటీ కోర్టు భవనంలో
కింది మాళిగ నాది.
ఇరవై ఆరేళ్లుగా
బాయిలర్ గొణుగుడుకీ పాత కాగితాల దగ్గుకీ మధ్య
నా కుర్చీ.
పై అంతస్తులో గోధుమ ధర మాట్లాడుకుంటారు,
పెళ్లి లైసెన్సులు నవ్వుతూ పట్టుకెళ్తారు.
కిందికి దిగేవాళ్లు మాత్రం
మెట్టు మెట్టుకీ ఆగుతారు.

గట్టు తగాదాల వాళ్లు కోపం ఇంటి దగ్గరే తెచ్చుకుని వస్తారు.
వంశవృక్షాల వాళ్లు పెన్సిళ్లు చెక్కుకుని వస్తారు.
ఆర్డిత్ స్కోగ్‌లండ్ వట్టి చేతులతో వచ్చింది.
జనవరి నెల.
బూట్ల మంచు కరిగి చుట్టూ మడుగు కట్టేదాకా
నోరు విప్పలేదు.

అర్జీ ఫారం ఇచ్చాను.
ఎవరి రికార్డు?
"చెల్లెలిది."
పేరు?
"పెట్టలేదు."
తేదీ?
"నాకు ఐదేళ్లు. చలికాలం.
అమ్మ ఆస్పత్రి నుంచి
దుప్పటి మడత పెట్టుకుని వచ్చింది."

ఎందుకు కావాలి, అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు నిలబడిపోయింది.
రెండంగుళాల గడి అది.
వదిలేయండమ్మా అన్నాను,
అది నింపకపోయినా చట్టం ఏమీ అనదు.

ఆమె పుట్టింటి పేరు ట్వైట్.
జననాల పుస్తకంలో ట్వైట్ అని వెతికాను,
ట్వేట్ అని, టైట్ అని,
చలికి వేళ్లు కొంకర్లు పోయిన గుమాస్తా
రాసి ఉండగల తప్పులన్నిటి కిందా వెతికాను.
లేదు.
మరణాల పుస్తకంలోనూ లేదు.
ఒక్కసారైనా ఏడవని బిడ్డను
రెండు పుస్తకాలూ
నాది కాదంటే నాది కాదన్నట్టున్నాయి.

'రికార్డు లభ్యం కాలేదు'
అనే రబ్బరు ముద్ర ఒకటుంది నా బల్ల మీద.
అప్పటికే సిరాలో అద్దాను.
ఏం తోచిందో,
"డబ్బెవరు కట్టారమ్మా?" అన్నాను.
"మా దగ్గరెక్కడిది?
ఆ ముందు వేసవి వడగళ్లు
గింజ మిగల్చలేదు."

అప్పుడు తీశాను,
ఎవరూ అడగని బరువైన పుస్తకం,
బీదల పద్దు కింద కౌంటీ చెల్లింపులు.
ప్రాణాన్ని మరిచిపోయిన పుస్తకాలు చాలా చూశాను గానీ
డాలరున్నర మరిచిపోయిన పుస్తకం
ఇంతవరకూ చూడలేదు.

యాభై ఒకటి, ఫిబ్రవరి తొమ్మిది.
ఐనార్ వెస్టబీ, వడ్రంగి:
పైన్ చెక్క పెట్టె, ఇరవై రెండు అంగుళాలు. నాలుగు డాలర్లు.
జూలియస్ క్రాప్: గుంట తవ్వినందుకు మూడు.
అదే మనిషికి,
గడ్డకట్టిన నేల మెత్తబడ్డానికి
రాత్రంతా మంట కాసినందుకు
బొగ్గుతో సహా డాలరున్నర.
ట్వీట్ పాప. ఏడో వరుస, తూర్పు చివర.

ట్వీట్!
ఆ ఒక్క తప్పే నాకు తట్టలేదు.

ఆమె కళ్లద్దాలు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసింది.
పాప అన్న మాట మీద వేలు పెడుతుందనుకున్నాను.
వేలు 'రాత్రంతా' దగ్గర ఆగింది.
"అయితే ఒకరు మేలుకునే ఉన్నారన్నమాట," అంది
నాతో కాదు.

నకలుకి డాలరు. ముద్ర వేస్తే ఇంకో ఐదు.
వేయమంది.
చిల్లర లెక్కపెడుతూ అడిగింది:
"ఈ క్రాప్ వాళ్లు ఎవరైనా మిగిలారా?"
దానికి వేరే ఫారం అమ్మా అన్నాను.
ఇరవై ఆరేళ్ల అలవాటు,
నోటికి అదే వచ్చింది.

కూర్చుని నింపింది.
మనిషి పేరు తెలుసు, మిగతావన్నీ ఖాళీ.
కారణం గడిలో మాత్రం
పెన్ను ఎత్తకుండా రాసింది:
బాకీ.

ఏ నంబరు కింద చేర్చాలో తెలియక
ఆ కాగితం బల్ల మీదే ఉంచాను.
బుధవారం మధ్యాహ్నం వరకే తెరిచి ఉంటుంది,
రోడ్లు బాగుంటేనే రండి అన్నాను.
రోడ్లు ఎలా ఉన్నా వస్తానంది.