గేటు పుస్తకం

ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ గేటు,
పొద్దున ఆరున్నర.
నా ఒళ్ళో పొడుగు పుస్తకం, చెవి మీద పెన్ను,
వెనక గోడకి అంటించిన కాయితం:
రెండు డోసులు పడనివాళ్ళకి పని లేదు.

ఈ ఊళ్ళో దగ్గనివాళ్ళు ఎవరు గనక?
తేజా టిక్కీ ఒకటి విప్పితే
గోడలు కూడా తుమ్ముతాయి.
ఏది మిరప దగ్గో, ఏది ఆ దగ్గో
విడదీసి చెప్పే చెవి నాకు లేదు.
అందుకే పుస్తకం ఇచ్చారు.

ముచ్చికలు తీసే ఆడవాళ్ళు
ఒకే ఆటోలోంచి పదకొండు మంది దిగారు.
తలలకి తువ్వాళ్ళు, చేతులకి చిరుగుల మేజోళ్ళు,
నడుముకి ఆనించిన క్యారేజీలు.
అందరికన్నా ముందు సువార్తమ్మ.

"ఇరవై రెండేళ్ళు ఈ కారం పీల్చా.
మూతికి ఒక్క గుడ్డపేలిక ఇచ్చాడా మీ షావుకారు?
ఇవ్వాళ నా ఊపిరి మీద ఇంత ప్రేమేంది?"

వెనకాల నవ్వారు.
మస్తాన్‌బీ నవ్వలేదు.
"ఆయన ప్రేమ అటుంచక్కా, నా సంగతి చెప్పు.
మా ఇంటాయన్ని పెద్దాసుపత్రి మెట్ల మీదే పడుకోబెట్టాం.
మంచం దొరికేసరికి
మంచంతో పని లేకపోయింది.
నా మోకాలికి మోకాలు ఆనించి కూచునేదానికి
సూది పడిందో లేదో
నేనడక్కూడదా?"

ఆటో వెళ్ళిపోయిన చప్పుడు
చాలాసేపు వినపడింది.

కోటిరత్నం, అందరిలోకీ చిన్నది,
నేల చూస్తూ అంది:
"సూదికి కాదు, సూది తర్వాతొచ్చే జొరానికి భయం.
కిలోల లెక్కన కూలి.
రెండ్రోజులు ముసుగుతన్ని పడుకుంటే
ఆ కిలోలు ఎవరు తీస్తారు?
కాయితంలో అది రాశారా?"

తల తిప్పి చూశాను.
గాలికి ఒక మూల లేచి ఆడుతోంది కాయితం.
రాయలేదు.

"మా పిల్లని బళ్ళో అడిగారంట,
మీ అమ్మకి ఎన్ని డోసులని.
రెండు వేళ్ళు చూపించి కూచుందంట" అని ఎవరో.
నిజమా అని ఎవరూ అడగలేదు.

సువార్తమ్మ జాకెట్టు చెయ్యి పైకి జరిపింది.
పావలా బిళ్ళంత మచ్చ,
దాని కింద ఇంకొకటి,
ఎండిన చెరువులో గిట్టల గుర్తుల్లా.
"పెద్ద అమ్మోరు తిరిగే రోజులు.
గడ్డివాములో దాక్కుంటే
మా అమ్మ జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది.
ఇష్టమేనా అని అడిగిందా?
ఏడ్చా. బతికా.
అప్పుడు కాయితం లేదు బాబూ, చెయ్యే కాయితం.

ఇప్పటివీ వేయించుకున్నా, రెండూ.
ఫోను నంబరు మా అల్లుడిది.
వాడు మా పిల్లనొదిలేసి తెనాలి పోయాడు,
మెసేజీ వాడితోనే పోయింది.
నా నెత్తుట్లో ఉన్నదాన్ని
వాడి గడప తొక్కి అడుక్కోవాలా?"

నా దగ్గర మెసేజీ ఉంది.
రెండో డోసు విజయవంతంగా పూర్తయింది, అభినందనలు.
ఆ పూట నేను మంగళగిరిలో
బావమరిది పెళ్ళి బంతిలో
సాంబారు వడ్డిస్తున్నాను.
ఎక్కడో ఎవరో లెక్క నింపుకున్నారు.
నేనూ నోరెత్తలేదు.
పుస్తకంలో మొదటి పేరు నాది,
ఎదురుగా రెండు టిక్కులు, ఒత్తి పెట్టినవి.

షావుకారు కారొచ్చే వేళ.
పెన్ను తీసి సువార్తమ్మ పేరు రాశాను.
పక్క గడి మీద పెన్ను ఆగింది,
సిరా చుక్కగా దిగింది.

అప్పుడొచ్చింది దగ్గు,
పొట్టలోంచి, వద్దన్నా ఆగకుండా,
నాకు.

పదకొండు తలలూ ఒక్కసారి తిరిగాయి.
"మిరప" అన్నాను.
"మిరపేలే" అంది సువార్తమ్మ,
ముక్కు మీదికి కొంగు లాక్కుంటూ.

లోపల ఇంకా ఎవరూ
ఒక్క టిక్కీ విప్పలేదు.
మస్తాన్‌బీ రెండడుగులు వెనక్కి వేసింది.