మూడో నంబరు మైకు

నా పేరు దగడూ. మరాఠీలో రాయి అని అర్థం.
దిష్టి తగలకూడదని పెట్టారు మావాళ్ళు.
ముప్పై ఒక్కేళ్ళుగా మాటుంగాలో, స్టేషనుకి అవతల,
ఈ మేడమీది హాల్లో మైకులు పెట్టేది ఈ రాయే.

పాట భాష నాకు రాదు.
పాడేవాళ్ళలో చాలామందికీ రాదట.
పాలక్కాడు నుంచో తిరునెల్వేలి నుంచో వచ్చినవాళ్ళు
తెలుగు మాటల్ని తమ అక్షరాల్లో రాసుకుని
తొడ కింద కాగితం దాచుకుని పాడతారు.
అర్థం అడిగితే తడుముకునేవాళ్ళు
పాడుతూ పాడుతూ కళ్ళు తుడుచుకుంటారు.
ఆ సంగతి తెలిశాక నా సిగ్గు పోయింది.

రాగాలకు నా పేర్లు నావి.
ఒకటి, ఆదివారం పొద్దున చేపల బజారు.
ఒకటి, అద్దె కట్టేసిన సాయంత్రం.
ఇంకొకటుంది:
అక్కని బస్సెక్కించి
అమ్మ ఒట్టి చేతులతో తిరిగొచ్చిన దారి.
దాన్ని సహాన అంటారని సెక్రటరీ చెప్పాడు.
అననీ.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే హాలు మాయమవుతుంది.
ముందు వరస పట్టుచీరలకు అందనివి
నాకు అందుతాయి:
మృదంగానికి తడిరవ్వ అద్దుతూ
కుర్రాడు గొణుక్కునే లెక్క,
గాయకుడు గుటకేసిన మిరియాల పాలు,
విల్లు వెనక్కి తిరిగేచోట
తైలాంబాళ్ మామి ముక్కుతో తీసే చిన్న ఊపిరి.

మామిది మూడో నంబరు మైకు.
పోస్టరు మీద ఆమె పేరుకి కళ్ళజోడు కావాలి.
డోంబివలీ నుంచి లోకల్లో వస్తుంది,
ఫిడేలు పెట్టెని రెండు పాదాల మధ్య ఇరికించి
నిలబడే వస్తుంది.
ఆయన అన్నదాన్నే తిరిగి అంటుంది. కాని
పక్కింటి గిన్నెని ఖాళీగా తిరిగివ్వని ఇల్లాలిలా
అందులో ఏదో ఒకటి పెట్టి ఇస్తుంది.
ఓసారి చిటికెడు బెల్లం. ఓసారి రెండు కరివేపాకు రెబ్బలు.

ఆ జూలై సాయంత్రం సయాన్ దగ్గర పట్టాలు మునిగాయి.
నలభై కుర్చీల్లో మనుషులు, మిగతావాటి మీద గొడుగులు.
కొల్లెంగోడు విశ్వంభరయ్యర్‌కి డెబ్భై ఎనిమిది.
సహాన ఎత్తుకున్నాడు. మా అక్క దారి.
మెట్టు మెట్టుగా వెళ్ళి
పై షడ్జం దగ్గర నోరు తెరిచాడు.
చెయ్యి లేచింది.
గొంతు లేవలేదు.

నా చెవుల్లో ఒట్టి గాలి.
ఆ గాలిలోకి, రెప్పపాటు కూడా జాగు లేకుండా,
మామి వచ్చింది.
ఫిడేలులా రాలేదు. గొంతులా వచ్చింది.
కాస్త బొంగురు కూడా కలుపుకుంది,
ఆయన బొంగురే, ఆయన వయసుదే.

నా వేలికి ఎవరు చెప్పారో,
మూడో నంబరుని వెంట్రుకంత పైకి జరిపింది.
ఒకటో నంబరుని దించలేదు.
ఆ ఒట్టిగాలి కూడా ఉండాలి, లేకపోతే నమ్మరు.

వెనకవరస నుంచి "ఆహా!" అన్నారు ఎవరో,
ఆయన్నే చూస్తూ.
ఆయన మామి వైపు తిరగలేదు.
తొడమీది చెయ్యి మాత్రం
ఒక దెబ్బ మరిచిపోయి, తరవాతి దెబ్బకి దొరికింది.

శాలువా ఆయనకి. మామికి కవరు, కొబ్బరికాయ.
వాన తెరిపిచ్చేదాకా మెట్ల మీద నిలబడ్డాం.
కొంగుతో పెట్టె మూత తుడుస్తూ
"ఎక్కువ పెంచావు" అంది మరాఠీలో.
ముప్పై ఒక్కేళ్ళలో నాతో అన్న మొదటి మాట.
చెప్పులు వెతుక్కుంటూ, నాతో కాదన్నట్టు,
"మళ్ళీసారికి ఇంకాస్త తక్కువ చాలు."

మళ్ళీసారి, అంది.

పైకొచ్చి తీగలు చుట్టాను,
ఓ చుట్టు లోపలికి, ఓ చుట్టు బయటికి,
మెలిక పడకుండా.
దీపాలు ఆర్పేముందు
మూడో నంబరు స్లైడరు పక్కన, నేను జరిపినచోట,
పెన్సిలుతో సన్నగా ఒక గీత గీశాను.
దానికి కొంచెం కింద
ఇంకొకటి.