సౌండు పోయిన ఆట

లెస్టర్‌లో మంగళ, గురు, శనివారాలు
పొద్దున్నే ఆరున్నరకి మా ఆట మొదలు.
టిక్కెట్టు లేదు, ఎడమ చేతిలో రెండు సూదులు.
నాలుగు గంటలు. ఇంటర్వెల్ ఇవ్వరు.
ఒంట్లో నెత్తురంతా బయటికెళ్ళి
మిషన్లో స్నానం చేసి మళ్ళీ ఇల్లు చేరుతుంది.

అందాకా మేం భీమారావునీ చలమయ్యనీ
బోనెక్కిస్తాం.

"భీమారావంటే నిలబడ్డమేనయ్యా," అంటాడు కృపానందం.
"నోరు విప్పక్కర్లేదు. గుమ్మంలోకొస్తే చాలు,
ఇంట్లో దీపం చిన్నబోయేది."
"నిలబడ్డానికైతే స్తంభం చాలదూ?" చెల్లాయమ్మ.
"చలమయ్య అన్నం కలిపే సీను చూశావా?
అప్పులవాడు వాకిట్లో కేకలేస్తుంటే
ఆ ముద్ద నోటిదాకా వచ్చి, ఆగి,
మెల్లిగా కంచంలోకి దిగుతుంది చూడు,
ఆ దిగడంరా నటనంటే.
మీవాడైతే కంచం విసిరికొట్టును."

కృపానందం మిషను గీపెడుతుంది.
నర్సు బెర్నడెట్ పరుగున వచ్చి బీపీ చూసి
"ఇవాళెవరు? మీసాలాయనా, అన్నం ఆయనా?" అంటుంది.
ఒక్క బొమ్మా చూడలేదు పాపం,
ఇద్దర్నీ ఎరుగును.

నేనా? ఏ పార్టీ కాదు.
ముప్పయ్యేళ్ళు ఇరవయ్యిరెండో నంబరు బస్సు నడిపినవాణ్ణి,
ఎవరొచ్చినా తలుపు తీయడం అలవాటు.

ఆ శనివారం వాదన చావు మీదికి మళ్ళింది.
తెరమీద ఎవరు బాగా చచ్చారు?
అడక్కూడని చోట అడిగామని
అడిగాక తెలిసింది.

భీమారావుదైతే కోటగోడ మీద చావు.
గుండెలో బాణం దిగాక ఒక పద్యం,
కిందపడ్డాక ఇంకోటి.
చలమయ్యది నులకమంచం, దగ్గు.
కూతురి జడలో జారిన పువ్వు సర్దబోయి
చెయ్యి సగంలో...
చెల్లాయమ్మకి గొంతు పూడుకుపోయింది.

అప్పుడు కిటికీ పక్కనుంచి మస్తాన్ వలీ,
పదకొండు నెలలుగా "ఆ కిటికీ మూయండి" తప్ప
ఇంకో ముక్క మాట్లాడని మనిషి,

"గిద్దలూరు టూరింగ్ టాకీసులో ఆపరేటర్ని నేను,"
అన్నాడు.
"గోడలో చిన్న కంతలోంచి
చలమయ్యని నూట నలభైసార్లు చంపినా.
ఒకనాడు సెకండ్ షోలో సౌండు పోయింది.
నేల టిక్కెట్టోళ్ళు ఈలలు, బూతులు.
నేను బొమ్మ ఆపలే.
దగ్గు లేదు, వయొలిన్ లేదు,
ఉత్త చలమయ్య.
చెయ్యి జడదాకా పోయింది, ఆగింది.
అప్పుడు, అన్ని ఆటల్లో మొదటిసారి
ఆయన్ని వదిలేసి ఆ పిల్లని చూసినా.
మొహం కనపడదు, వీపు మనవైపు.
ఎడమ భుజం ఇంత..."
సూదులున్న చెయ్యి కదపలేక
కనుబొమ్మ ఎత్తి చూపించాడు.
"ఇంతే లేచింది. మళ్ళీ దిగలే.
ఆయన పోయాడని మనకి చెప్పింది ఆ భుజమే.
మనం ఎవురికి చప్పట్లు కొట్టినాం?"

"ఎవరా పిల్ల?" కృపానందం.
"తెలీదు. టైటిల్స్‌లో లేదు, వాల్‌పోస్టర్లో లేదు."
చెల్లాయమ్మ కళ్ళు మూసుకుని వెతుక్కుంది.
పువ్వు గుర్తుంది, కనకాంబరం.
జడ గుర్తుంది, రిబ్బను కూడా.
పిల్ల లేదు.

పదిన్నరకి సూదులు తీశారు.
దూది నొక్కిపట్టుకుని, వానలో,
ఆస్పత్రి వ్యాను కోసం వరసలో నిలబడ్డాం.
నా ముందు వలీ, అతని ముందు చెల్లాయమ్మ,
అందరికన్నా ముందు కృపానందం.
ముప్పయ్యేళ్ళూ అద్దంలో మొహాలే చూసుకున్నాను,
దిగి వెళ్ళిపోయే వీపుల్ని
ఏనాడూ చూడలేదు.
వలీ కోటు కుడివైపు కిందికి జారి ఉంది.
చెల్లాయమ్మ శాలువా తడుస్తోంది, సర్దుకోవడం లేదు.

"అయినా ఆ సీను భీమారావు చేసుంటేనా,"
మొదలెట్టాడు కృపానందం.

"ముందు బండెక్కు," అంది చెల్లాయమ్మ.